పారిపోయినవాడి తరఫు వకాలతు

రోడ్డు మీద మనిషిని ఢీకొట్టి ఆగకుండా వెళ్లిపోయిన డ్రైవర్ తరఫున కోర్టులో నిలబడే వకీలంటే మనకు పెద్ద గౌరవం ఉండదు. హత్య కేసు వాదించే లాయరుకైనా ఒక పేరుంటుంది గానీ, ఈయనకు మాత్రం ‘ఫీజిస్తే ఎవరి తరఫునైనా వాదిస్తాడు’ అన్న మాటే మిగులుతుంది. ఆ కోపానికి కారణం లేకపోలేదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 30,486 మందివి ఢీకొట్టి వెళ్లిపోయిన వాహనాల వల్ల పోయిన ప్రాణాలే. అంటే నూటికి పద్దెనిమిది మంది. ఆగి, ఒక్క ఫోన్ చేసి ఉంటే వీళ్లలో కొందరైనా బతికేవాళ్లు కదా అనిపించడం సహజం. అయినా ఈ వకాలతు అవసరమైనదనీ, పద్ధతిగా నడిపితే ముద్దాయికే కాదు, చనిపోయినవాడి కుటుంబానికి కూడా మేలు చేస్తుందనీ నేను నమ్ముతాను. ఎందుకో చెబుతాను.

ఇలాంటి కేసులో మూడు ప్రశ్నలుంటాయి. బండి నడిపింది ఎవరు? నడపడంలో నిర్లక్ష్యం ఉందా? ప్రమాదం తర్వాత డ్రైవర్ చట్టం చెప్పిన పని చేశాడా? జనం దృష్టిలో ఈ మూడూ ఒకటే. పారిపోయాడంటే తప్పు చేశాడనే లెక్క. చట్టం మాత్రం వీటిని విడివిడిగా చూస్తుంది. నిర్లక్ష్యంతో ప్రాణం తీయడం ఒక నేరం. పాత శిక్షాస్మృతిలో దానికి సెక్షన్ 304ఎ కింద గరిష్ఠంగా రెండేళ్లు, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 106(1) కింద అయిదేళ్లు. ప్రమాదం తర్వాత చేయాల్సింది చేయకపోవడం మరో నేరం. అది మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 134 కిందికి వస్తుంది, దాని శిక్ష సెక్షన్ 187లో ఉంది. డిఫెన్స్ లాయరు మొదటి పని ఈ రెండింటినీ కలవనివ్వకపోవడం. నేరం తర్వాతి ప్రవర్తనను సాక్ష్యంగా పరిగణించవచ్చని సాక్ష్య చట్టం ఒప్పుకుంటుంది, నిజమే. కానీ పరారైనంత మాత్రాన నేరం చేశాడని తేల్చలేమనీ, తప్పు చేయనివాడు కూడా భయంతో తప్పించుకోజూస్తాడనీ సుప్రీంకోర్టు 1971లోనే మత్రు కేసులో చెప్పింది. బండి ‘అతివేగంగా’ వచ్చిందని సాక్షులు అన్నంత మాత్రాన నిర్లక్ష్యం రుజువైపోదని 1998లో కర్ణాటక నుంచి వెళ్లిన సతీష్ కేసులో తేల్చింది. వేగం ఎంతో, రోడ్డు ఎలా ఉందో, మనిషి ఎటునుంచి వచ్చాడో ప్రాసిక్యూషనే చూపాలి. పారిపోవడం ఆ ఖాళీలను పూరించే సాక్ష్యం కాదు.

అందుకే ఈ వకాలతులో వాగ్ధాటి కన్నా కాగితాలను ఓపికగా చదవడమే ఎక్కువ పనికొస్తుంది. సీసీటీవీలో నంబరు ప్లేటు దొరుకుతుంది, టోల్‌గేటు దగ్గర ఫాస్టాగ్ లెక్కలో బండి దాటిన సమయం దొరుకుతుంది. ఇవి బండిని పట్టిస్తాయి గానీ స్టీరింగ్ వెనుక ఎవరున్నారో చెప్పవు. ఎవరికి బండి ఇచ్చాడో చెప్పే బాధ్యత సెక్షన్ 133 యజమాని మీద పెట్టింది. అయితే ఆ జవాబు ఎంత నమ్మదగినదో పరీక్షించాల్సిందే, ఎందుకంటే తనను తాను కాపాడుకునే అవసరం యజమానికీ ఉండొచ్చు. మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టులో బ్రేకుల పరిస్థితి ఏమని రాశారు? స్థల పంచనామాలో టైర్ల జాడ ఎక్కడ మొదలైంది? ప్రత్యక్ష సాక్షి నిలబడ్డ చోటు నుంచి రాత్రిపూట డ్రైవర్ ముఖం కనిపిస్తుందా? ఇక లోడుతో వెళ్తున్న లారీ వెనుక చక్రానికి బైకు తగిలితే క్యాబిన్‌లో ఉన్నవాడికి అది తెలిసిందా అన్నది అసలైన ప్రశ్న. జరిగిన సంగతే తెలియనివాడిని పారిపోయాడనడం కష్టం. ఇవేవీ సాంకేతిక సాకులు కావు. ఒక మనిషిని జైలుకు పంపే ముందు ఎవరో ఒకరు అడిగి తీరాల్సిన ప్రశ్నలు.

మూడో ప్రశ్న దగ్గర, అంటే ఎందుకు వెళ్లిపోయాడన్న చోట, మన చట్టం జనం అనుకునేదాని కన్నా వాస్తవికంగా ఉంది. గాయపడినవాడికి వైద్యం అందేలా చూడాలన్నది సెక్షన్ 134లో మొదటి బాధ్యత. కానీ గుంపు ఆగ్రహం వల్లనో, తన చేతిలో లేని మరో కారణం వల్లనో అది సాధ్యం కాకపోతే మినహాయింపును కూడా అదే వాక్యంలో రాశారు. ఆ మినహాయింపు వాడుకున్నవాడు దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ 24 గంటల లోపు వెళ్లి, జరిగింది చెప్పాలి. సాయం ఎందుకు చేయలేకపోయాడో కూడా చెప్పాలి. బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయాలి. అంటే కొడతారన్న భయంతో అక్కడి నుంచి తప్పుకోవడాన్ని చట్టం అర్థం చేసుకుంటుంది, తప్పుకున్నాక మౌనంగా ఉండిపోవడాన్ని మాత్రం క్షమించదు. కాబట్టి ‘గుంపుకు భయపడ్డాను’ అన్న ఒక్క మాటతో డిఫెన్స్ నిలవదు. 108కో 112కో ఫోన్ చేసిన రికార్డు ఉందా, అక్కడి నుంచి స్టేషన్ వైపు వెళ్లాడా, ఊరు వదిలి వెళ్లాడా, ఎన్ని గంటలకు లొంగిపోయాడు అన్నవే దాన్ని నిలబెడతాయి.

ఈ 24 గంటల్లోనే వకీలు అవసరం అన్నిటికన్నా ఎక్కువ. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పేలా ముద్దాయిని ఎవరూ బలవంతపెట్టకూడదని రాజ్యాంగంలోని 20(3) అధికరణం చెబుతుంది. మరోవైపు సెక్షన్ 134 వెళ్లి చెప్పమంటుంది. ఈ రెంటి మధ్య ఇరుకున పడ్డ డ్రైవర్ సాధారణంగా చేసేది ఫోన్ స్విచాఫ్ చేసి సొంతూరు వెళ్లిపోవడమే. నిజానికి అతనికి రక్షణ ఉంది. పోలీసుల ముందు చేసిన నేరాంగీకారాన్ని కోర్టులో రుజువుగా వాడకూడదన్నది మన సాక్ష్య చట్టంలో పాత సూత్రం. ముద్దాయే ఇచ్చిన ఎఫ్ఐఆర్‌లో నేరాంగీకారం ఉంటే దానికీ అదే సూత్రం వర్తిస్తుందని 1965లో అఘ్నూ నాగేసియా కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. నేరాంగీకారం కాని మాటల విషయంలో ఇంత గట్టి రక్షణ ఉండదు, అందుకే సలహా కావాలి. ఏ బండి, ఎక్కడ, ఎప్పుడు, గాయపడ్డవాళ్ల పరిస్థితి ఏమిటి, ఎందుకు ఆగలేకపోయాడు అన్నవి చెప్పాలి. తప్పు ఎవరిదన్న తీర్పు తానే ఇచ్చుకోనక్కర్లేదు. ఈ సలహా ఇచ్చి, డ్రైవర్‌ను స్టేషన్‌కో మేజిస్ట్రేట్ దగ్గరికో తీసుకెళ్లే వకీలు చట్టానికి అడ్డుపడటం లేదు, దాన్ని అమలు చేయిస్తున్నాడు.

న్యాయ సంహితలో సెక్షన్ 106(2) తెచ్చినప్పుడు ప్రభుత్వం దీనికి వేరే దారి పట్టింది. నిర్లక్ష్యపు డ్రైవింగ్‌తో మరణానికి కారణమై, వెంటనే పోలీసులకో మేజిస్ట్రేట్‌కో చెప్పకుండా తప్పించుకుంటే పదేళ్ల దాకా శిక్ష అంది. 2024 జనవరి మొదట్లో లారీ, ట్యాంకర్ డ్రైవర్లు దేశమంతా బండ్లు ఆపేశారు. హైదరాబాద్‌లో పెట్రోలు బంకుల దగ్గర బారులు తీరిన జనాన్ని చూశాం. మిగతా సంహిత 2024 జూలై 1న అమల్లోకి వచ్చినా ఈ ఉపసెక్షన్‌ను మాత్రం పక్కన పెట్టారు. సమ్మె సంగతి అలా ఉంచి, ఆ నిబంధన అల్లికను చూద్దాం. అది అడిగేది పోలీసులకు చెప్పావా అని, ఆస్పత్రికి చేర్చావా అని కాదు. పైగా గాయపడ్డవాడు బతికితే ఆ సెక్షన్ వర్తించదు. అప్పుడు పారిపోయినందుకు సెక్షన్ 187 కింద మొదటిసారికి గరిష్ఠ శిక్ష ఆరు నెలల జైలు, 2019 సవరణ తర్వాత కూడా అంతే. ఒకే ప్రవర్తనకు ఒకచోట ఆరు నెలలు, ఇంకోచోట అయిదేళ్ల మీద మరో అయిదేళ్లు. పారిపోవడాన్ని విడి నేరంగా తగినంత గట్టిగా శిక్షించకుండా నిర్లక్ష్యానికి తోక తగిలించడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. తాగి నడిపినవాడికి పారిపోవడం లాభం. తెల్లారేసరికి రక్తంలో మద్యం ఆనవాలు పోతుంది, ఆగినవాడు దొరికిపోతాడు. అలాంటప్పుడు పారిపోవడాన్ని నిర్లక్ష్యం నుంచి విడదీయమనడం తాగుబోతుకు బహుమతి ఇచ్చినట్టు కాదా? ఈ మాటలో నిజముంది. అందుకే పారిపోవడాన్ని తేలిగ్గా తీసుకోమని నేననను. ఆరు నెలల శిక్ష చాలదు, పెంచాలి. కానీ తాగాడన్న అనుమానం తీరాలంటే బార్ బిల్లు, అక్కడి సీసీటీవీ, తోడున్నవాళ్ల వాంగ్మూలం సేకరించాలి. ఆ శ్రమ మాని, పారిపోయాడు కాబట్టి తాగే ఉంటాడని అనుకోవడం మొదలుపెడితే, దెబ్బలకు జడిసి పరుగెత్తిన కూలి డ్రైవరూ, పబ్బు నుంచి కారు వేసుకొచ్చినవాడూ ఒకే గాటన పడతారు.

రెండో అభ్యంతరం డబ్బుకు సంబంధించింది. ఈ మెళకువలన్నీ ఖరీదైన లాయర్లను పెట్టుకోగలిగినవాళ్లకే పనికొస్తాయనీ, వాళ్లు డ్రైవర్‌నే మార్చేస్తారనీ అంటారు. 2024 మేలో పుణెలో ఇద్దరిని బలిగొన్న పోర్షే కారు కేసులో రక్తనమూనా మార్చారన్న ఆరోపణపై డాక్టర్లు అరెస్టయ్యారు. ఆ ఆరోపణలు తేల్చాల్సింది కోర్టే అయినా, గీత ఎక్కడుందో మాత్రం స్పష్టం. ప్రాసిక్యూషన్ సాక్ష్యాన్ని పరీక్షించడం డిఫెన్స్, సాక్ష్యాన్ని తయారు చేయడం మరో నేరం. డబ్బున్నవాళ్లకే మంచి వకీలు దొరుకుతున్నాడంటే దానికి విరుగుడు వకీలును తీసేయడం కాదు, లేనివాడికి ఇవ్వడం. కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెబుతోంది. అయితే ఈ సాయం అరెస్టయ్యాక మొదలవుతుంది. లారీ డ్రైవర్‌కు అది కావాల్సింది అంతకు ముందు, ఆ 24 గంటల్లో.

చివరిది, బాధితుల మాట. ముద్దాయి గెలిస్తే వాళ్లు ఓడినట్టే కదా అంటారు. కాదు. క్రిమినల్ కోర్టు డ్రైవర్‌ను విడిచిపెట్టినా పరిహారానికి అది అడ్డు కాదని 1980లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ట్రిబ్యునల్‌లో రుజువు ప్రమాణమే వేరు. బాధితుల్ని నిజంగా ఓడించేది బండి ఏదో తెలియకపోవడం. ఏ బండో తేలకపోతే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 161 కింద చనిపోయినవాడి కుటుంబానికి వచ్చేది రెండు లక్షలు, తీవ్రంగా గాయపడితే యాభై వేలు. బండి తెలిసి దానికి బీమా ఉంటే, ఎవరి తప్పో రుజువు చేయకుండానే సెక్షన్ 164 కింద అయిదు లక్షలు అడగవచ్చు. లేదా తప్పు నిరూపించి, పోయినవాడి వయసూ సంపాదనా లెక్కగట్టి సెక్షన్ 166 కింద అంతకన్నా చాలా ఎక్కువ కోరవచ్చు. ఢిల్లీ బీఎండబ్ల్యూ కేసులో 2012లో సుప్రీంకోర్టు ముద్దాయి మీద 50 లక్షలు వేసి, ఆ డబ్బును బండి దొరకని ప్రమాదాల బాధితులకు వాడమంది. అలాంటి బాధితుల చేతికి ఎంత తక్కువ అందుతోందో కోర్టుకు తెలుసన్నమాట.

కాబట్టి డ్రైవర్‌ను స్టేషన్‌కు రప్పించే ప్రతి వకీలూ ఒక కుటుంబం క్లెయిమును రెండు లక్షల నుంచి పైకి తీసుకొస్తున్నాడు. న్యాయ సేవాధికార సంస్థలు హైవేల మీద డ్రైవర్ల కోసం రాత్రింబవళ్లు పలికే ఒక నంబరు పెట్టాలి. గడువులోపు వచ్చి చెప్పినవాడికి ఆ సంగతి శిక్ష ఖరారు చేసేటప్పుడు కలిసొస్తుందని చట్టంలోనే రాయాలి. పారిపోయినవాడికి పదేళ్ల భయం చూపించడం సులువు. తిరిగొస్తే న్యాయంగా వింటారన్న నమ్మకం కలిగించడమే కష్టం, అది వకీలు లేకుండా జరగదు.