బల్లమీది యుద్ధక్రీడల పరిభాష: వ్యుత్పత్తి, ప్రవృత్తి నిమిత్తాల దృష్టితో పరిశీలన

ఉపోద్ఘాతం

పారిభాషిక పదం నిర్దిష్టమైన అర్థాన్ని ఇవ్వాలని, సాధ్యమైనంతవరకు ఏకార్థబోధకంగా ఉండాలని పరిభాషా నిర్మాతలు ఆశిస్తారు. ఈ ఆశకు ఎదురు నిలిచే పరిభాషలు కూడా ఉన్నాయి. బల్లమీద పటం పరచి, పావులు నిలిపి, పాచికలు వేసి ఆడే యుద్ధక్రీడల పరిభాష వాటిలో ఒకటి. అందులో మనిషి ప్రాణశక్తికి 'హిట్ పాయింట్లు' అని పేరు. ఒకప్పుడు అంకె తగ్గేకొద్దీ రక్షణ పెరిగిన కొలమానానికి 'ఆర్మర్ క్లాస్' అని పేరు. ఆటలో తల నెరిసినవాణ్ణి 'గ్రోన్యార్' అంటారు. ఆ ఫ్రెంచి మాటకు సణిగేవాడని అర్థం.

ఇటువంటి పదాలకు పుట్టుక కథలు చెప్పి ఊరుకుంటే వాటి విచిత్రత మాత్రమే తెలుస్తుంది. ఆ విచిత్రత ఏ పదంలో ఎందుకు కనబడుతున్నదో, ఏ పదంలో ఎందుకు కనబడకుండా పోయిందో తెలియదు. ఈ ప్రశ్నకు భారతీయ అలంకారశాస్త్రంలోని ఒక పాత వివాదం సమాధానానికి దారి చూపుతుంది. ఆ వివాదాన్ని ఈ పదాలకు అన్వయించి, దానివల్ల తెలుగు పరిభాషా నిర్మాణానికి కలిగే ప్రయోజనాన్ని నిర్ణయించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కుశల పదంపై వివాదం

లక్షణావృత్తికి ముఖ్యార్థబాధ, ముఖ్యార్థంతో సంబంధం, రూఢి లేదా ప్రయోజనం అనే మూడు హేతువులను మమ్మటుడు 'కావ్యప్రకాశం'లో చెప్పాడు. రూఢి లక్షణకు 'కుశల' పదాన్ని ఉదాహరించాడు. కుశలను, అంటే దర్భలను, కోసి తెచ్చేవాడన్నది ఆ పదానికి అవయవార్థం. పనిలో నేర్పరి అని చెప్పేటప్పుడు ఆ అర్థం పొసగదు గనుక లక్షణ చేత నేర్పరి అనే అర్థం వస్తుందని ఆయన మతం.

'సాహిత్యదర్పణ' కర్త విశ్వనాథుడు దీన్ని అంగీకరించలేదు. పదం ఏ కారణంగా పుట్టిందో అది వ్యుత్పత్తినిమిత్తం. ఏ కారణంగా వాడుకలో ప్రవర్తిస్తున్నదో అది ప్రవృత్తినిమిత్తం. ఈ రెండూ వేరు. వ్యుత్పత్తి వల్ల లభించేదే ముఖ్యార్థమైతే, గమనార్థక ధాతువునుంచి వచ్చిన 'గో' శబ్దాన్ని పడుకున్న ఆవు విషయంలో వాడినప్పుడు కూడా లక్షణ చెప్పవలసివస్తుందని ఆయన ఆక్షేపం.

యుద్ధక్రీడల పదాలు ఈ ఇద్దరి మతాలకూ పరీక్ష పెడతాయి. ఈ పదాలలో కొన్నింటిని పలికేటప్పుడు వ్యవహర్తకు ముఖ్యార్థబాధ తెలుస్తుంది. మరికొన్నింటిలో అది లేశమైనా తోచదు. కనుక ఇక్కడ విమర్శకుడు అడగవలసిన ప్రశ్న, పదానికి మూలార్థం ఏమిటని కాక, ఆ మూలార్థం నేటి వ్యవహర్తను అడ్డగిస్తున్నదా లేదా అని.

చదరంగం: అర్థం మరచిన పావులు

యుద్ధాన్ని బల్లమీదికి తెచ్చిన ఆటలలో అత్యధిక దూరం ప్రయాణించినది చతురంగం. గజ, రథ, తురగ, పదాతులనే నాలుగు సేనాంగాలు దాని పేరులోనే ఉన్నాయి. 7వ శతాబ్దినాటి బాణుని 'హర్షచరిత్ర'లో ఈ పేరు శ్లేషలో భాగమైంది. పారశీకంలో ఇది చత్రంగ్, అరబ్బీలో షత్రంజ్ అయింది. తెలుగులోని 'చదరంగం' కూడా ఈ పదానికి తద్భవమే. నాలుగు అంగాల సంగతి తెలియకుండానే ఆ మాటను తెలుగువారు నిరాటంకంగా వాడుతున్నారు.

పావుల పేర్లలో మార్పు ఇంకా స్పష్టం. ఏనుగును పారశీకులు 'పీల్' అన్నారు. అరబ్బులకు అది 'అల్ ఫీల్'. స్పానిష్ భాష ఆ ధ్వనిని 'అల్ఫిల్'గా నిలుపుకొన్నది. ఇటలీలో అది జెండా మోసే 'అల్ఫియేరే'గా మారింది. ఫ్రాన్సులో విదూషకుడైంది. ఇంగ్లండులో క్రైస్తవ మతాధికారి బిషప్ అయింది. ఒక్క ఏనుగుకు ఇన్ని అవతారాలు రావడానికి కారణం అనువాదలోపం అనుకోరాదు. ధ్వని మిగిలి అర్థం జారిపోయినప్పుడు ప్రతి భాషా తన నిఘంటువునుంచి దగ్గరి మాటను తెచ్చి ఆ ఖాళీని పూరించుకొన్నది. 'రుఖ్' అనే పారశీక పదానికీ ఇదే గతి పట్టింది. కోట అనే అర్థంగల 'రొక్క' అన్న ఇటాలియన్ మాటతో దానికి ధ్వనిసామ్యం ఏర్పడింది. ఐరోపా బల్లమీద ఆ పావు బురుజు రూపం ధరించింది. లోకవ్యుత్పత్తి ఇక్కడ మాటతో ఆగక వస్తువు ఆకారాన్నే మార్చింది.

తెలుగునాట మూలన నిలిచి నిట్టనిలువుగా, అడ్డంగా సాగే పావు ఏనుగు. ఐమూలగా సాగేది శకటు. పారశీక సంప్రదాయంతో పోల్చితే ఈ పేర్లు తారుమారుగా కనిపిస్తాయి. అయినా 'శకటు ఐమూలగా పోతుంది' అన్నప్పుడు బండి అలా ఎందుకు పోతుందని ఆడేవాడు ప్రశ్నించడు. అతని మనసులో శకటు అంటే ఆ నడక మాత్రమే. పారశీకంలో నిస్సహాయుడు అనే భావాన్నిచ్చే 'మాత్' శబ్దాన్ని అరబ్బీలో చనిపోవడాన్ని తెలిపే క్రియతో కలిపి రాజు మరణంగా వ్యాఖ్యానించడం ప్రసిద్ధం. ఆటలో రాజు చావడు, కదలలేని స్థితికి వస్తాడు. తెలుగు 'ఆటకట్టు' ఆ వ్యుత్పత్తుల జోలికి పోకుండా జరిగినదాన్నే చెప్పింది. ఇవన్నీ విశ్వనాథుని పక్షానికి బలమైన సాక్ష్యాలు.

ప్రష్యా యుద్ధక్రీడ: నమ్మకస్తుడు, అంపైరు

1780లో బ్రున్స్‌విక్‌లో హెల్విగ్ చదరంగపు నడకలను ఆధారం చేసుకొని 1,617 గడులున్న యుద్ధక్రీడను ప్రకటించాడు. భూస్వరూపాన్ని గడుల రంగులతో సూచించాడు. 1824లో ప్రష్యా సైనికాధికారి రైస్విట్జ్, తన తండ్రి 1812లో రాజుకు చూపిన ఆటను సంస్కరించి, 1:8,000 కొలతగల పటంమీదికి మార్చాడు. సైనికాధికారుల శిక్షణకు ఈ ఆట ఉపకరించింది.

ఇందులో ఇరుపక్షాల సేనాపతులు తమ ఆజ్ఞలను రాసి ఒక మూడో వ్యక్తికి ఇస్తారు. రెండువైపుల రహస్యాలూ తెలిసినవాడు అతడొక్కడే. శత్రువులో ఎవరికి ఎంత కనబడాలో, ఎవరికి ఎంత నష్టం జరిగిందో అతడే నిర్ణయించి చెబుతాడు. రైస్విట్జ్ అతన్ని 'ఫెర్‌ట్రౌటె' అన్నాడు. నమ్మి రహస్యం చెప్పదగినవాడని దానికి అర్థం. ఇది శుద్ధ యౌగికం. అవయవార్థం చెబితే అతని పని సగం చెప్పినట్లే.

ఇంగ్లీషులో ఆ స్థానంలో 'అంపైర్' నిలిచింది. సముడు కానివాడు, జతకు చేరనివాడు అనే అర్థమున్న పాత ఫ్రెంచి 'నోంపేర్' దీనికి మూలం. మధ్యయుగపు ఇంగ్లీషులో తొలి నకారాన్ని ముందున్న ఉపపదంలో భాగంగా వినడం వల్ల పదం తల తెగింది. నకారం పోవడంతో అవయవార్థమూ మూతపడింది. క్రికెట్ ద్వారా తెలుగువారికి చిరపరిచితమైన 'అంపైరు' ఇదే. ఒకే ఉద్యోగానికి ఒక భాషలో పారదర్శకమైన పేరు, మరొక భాషలో మూసుకుపోయిన పేరు ఉన్నా ఆట నడకకు భంగం కలగలేదు. అయితే అర్థంలో తేడా లేకపోలేదు. జర్మన్ పదం విశ్వాసాన్ని, ఇంగ్లీషు పదం తటస్థతను పునాది చేసుకొన్నాయి. 1876లో వెర్డీ దు వెర్నోయ్ పట్టికల భారాన్ని తగ్గించి నిర్ణయాన్ని మధ్యవర్తి వివేకానికి వదిలినప్పుడు ఆట మళ్లీ విశ్వాసంమీదనే నిలబడింది.

ఓడనుంచి మనిషికి

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో ప్రచురించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' సైనిక బొమ్మల యుద్ధక్రీడలనుంచి పుట్టిన ఆట. హిట్ పాయింట్లను, ఆర్మర్ క్లాసును అమెరికా అంతర్యుద్ధపు ఇనుపకవచం ఓడల కోసం తాను రాసుకొన్న నియమాలనుంచి తీసుకొన్నట్లు ఆర్నెసన్ చెప్పాడు. ఓడ విషయంలో ఈ మాటలు సార్థకం. ఓడ ఎన్ని గుండు దెబ్బలకు తట్టుకొంటుందో అన్ని దెబ్బల లెక్క హిట్ పాయింట్లు. లెక్క నిండితే ఓడ మునుగుతుంది. చివరి దెబ్బవరకూ అది తేలే ఉండవచ్చు. మనిషి శరీరం అలా ప్రవర్తించదు. పది కత్తిపోట్లు తిన్నవాడు పదకొండోదానివరకు పూర్తి బలంతో పోరాడడం ఓడ స్వభావమే గాని దేహస్వభావం కాదు. మాటతోపాటు ఓడ తర్కం కూడా మనిషిలో ప్రవేశించింది. ఆటగాళ్లకు తోచే అసంగతి శాస్త్రీయంగా ముఖ్యార్థబాధే.

ఆర్మర్ క్లాసులోనూ ఇంతే. 1974 నియమాలలో కవచం లేనివాడిది 9వ తరగతి. పూర్తి లోహకవచంతోపాటు డాలు పట్టినవాడిది 2వ తరగతి. తరగతి అన్నప్పుడు ఒకటవది శ్రేష్ఠమన్నది లోకానుభవం. కాబట్టి ఆ పదంలో అవరోహణక్రమం సహజమే. కాని ఆటలో అది కూడిక తీసివేతల అంకెగా మారేసరికి, ఎక్కువ అంటే మేలు అనే మరొక లోకానుభవం అడ్డుతగిలింది. 2000లో వెలువడిన 3వ కూర్పు క్రమాన్ని తిప్పివేసింది. అప్పటినుంచి అంకె పెరిగితే రక్షణ పెరుగుతుంది. పదం మాత్రం అలాగే నిలిచింది. వ్యవహర్తలకు బాధ తెలిసినప్పుడు వారు మాటను వదలక వస్తువునే సరిదిద్దిన ఘట్టమిది. ఇక్కడ మమ్మటుని బాధహేతువు జీవించి ఉన్నది.

'గ్రోన్యార్' ప్రయోజనలక్షణతో మొదలైంది. నెపోలియన్ పాత అంగరక్షక దళంలోని సైనికులకు సణుగుడుగాళ్లన్న పేరు ఉండేది. 1970లలో అమెరికా యుద్ధక్రీడాకారులు ఆ మాటను తమలోని పాతకాపులకు అంటగట్టారు. అనుభవాన్నీ సణుగుడునూ కలిపి మెచ్చుకోలుగా వెక్కిరించడం దాని ప్రయోజనం. ఫ్రెంచి తెలియని తరాల్లో వెక్కిరింత సన్నగిలి గౌరవం మిగిలింది. ప్రయోజనం అణగి రూఢి పైకి వచ్చింది.

బాధ లేని పదాలు

'డంజన్' ఫ్రెంచి 'దొంజోఁ'నుంచి వచ్చింది. అది కోట నడుమ ఎత్తుగా నిలిచిన ప్రధాన బురుజు. ప్రభువు అనే అర్థమున్న లాటిన్ 'దొమినుస్' దాని మూలం. ప్రభువు నిలయం క్రమంగా ఖైదీల చెరసాల అయింది. తరువాత ఆటలో ఏ భూగర్భ మార్గాలకైనా పేరైంది. ఎత్తైనది లోతైనదిగా మారినా ఆటగాడికి ఏ అసంగతీ తోచదు.

'మినియేచర్' ఇంతకంటె చోద్యం. లాటిన్‌లో 'మినియుం' అంటే సిందూరం. ఆ రంగుతో రాతప్రతులను అలంకరించే పనినుంచి ఆ పదం పుట్టింది. రాతప్రతుల బొమ్మలు చిన్నవి కావడం, చిన్నదనాన్ని చెప్పే 'మినుస్' మొదలైన లాటిన్ మాటలతో ధ్వని కలియడం వల్ల అది చిన్న వస్తువుకు పేరై, సైనిక బొమ్మలకూ చెల్లింది. మినియేచర్ చిత్రాలను తెలుగులో 'సూక్ష్మచిత్రాలు' అనడం ప్రవృత్తినిమిత్తాన్ని పట్టుకొన్న అనువాదం. 'సిందూరచిత్రాలు' అంటే వ్యుత్పత్తి నిలిచేది గాని చిత్రం తెలిసేది కాదు.

తెలుగు పరిభాషకు అన్వయం

పై పరిశీలననుంచి ఒక విధానం ఏర్పడుతుంది. వ్యవహర్తకు బాధ తోచని పదాన్ని ప్రవృత్తినిమిత్తాన్ని బట్టే తెలుగు చేయాలి. అక్కడ మూలాన్వేషణ నిఘంటువుకు అవసరం, అనువాదానికి అనవసరం. డంజన్ అంటే సందర్భాన్ని బట్టి నేలమాళిగ, చెరసాల. బురుజు మాత్రం కాదు.

బాధ తోచే పదం విషయంలో ఆ సూత్రం చాలదు. హిట్ పాయింట్లను 'ప్రాణబలం' అంటే వినడానికి ఇంపుగా ఉంటుంది. కాని ఆ అనువాదం మూలంలోని అసంగతిని కప్పిపుచ్చి, ఆట మనిషి ప్రాణాన్ని కొలుస్తున్నదనే భ్రమ కల్పిస్తుంది. 'దెబ్బల లెక్క' మోటుగా ఉన్నా ఆ కొలమానం నిజంగా చేసే పనిని చెబుతుంది. అసంగతిని దాచని మాట చదువరి విమర్శబుద్ధికి తోడ్పడుతుంది. ఆర్మర్ క్లాసును 'కవచశ్రేణి' అనవచ్చు. శ్రేణి ఆరోహణకూ అవరోహణకూ ఒదిగే మాట కనుక 1974 క్రమానికీ 2000 క్రమానికీ అది సరిపోతుంది. 'కవచబలం' మొదటిదానికి పొసగదు.

ముగింపు

మమ్మట, విశ్వనాథుల మతాలను పరస్పర విరుద్ధాలుగా మాత్రమే చదవడం అలవాటు. యుద్ధక్రీడల పరిభాష వాటిని ఒకే పదం జీవితంలోని రెండు దశలుగా చదవడానికి వీలు కల్పిస్తుంది. కొత్త రంగంలోకి వచ్చిన పదానికి మొదట బాధ ఉంటుంది, అప్పుడు లక్షణ పనిచేస్తుంది. వాడుకలో బాధ అరిగిపోయాక ఆ అర్థమే వాచ్యమవుతుంది. డంజన్, శకటు రెండో దశలో ఉన్నాయి. హిట్ పాయింట్లు మొదటి దశను ఇంకా దాటలేదు. పరిభాషా నిర్మాత పదాన్ని చేతికి తీసుకొన్నప్పుడు అది ఏ దశలో ఉన్నదో ముందు నిర్ణయించుకోవాలి. దాని పుట్టుక చరిత్ర ఆ నిర్ణయానికి సాధనం మాత్రమే. నిర్ణయం చేయవలసింది వ్యవహర్త అనుభవం.