గాజుపెట్టెలోని తాళపత్రము

విశ్వవిద్యాలయ గ్రంథాలయములలో అపూర్వగ్రంథ ప్రదర్శనము జరిగినప్పుడెల్ల జనము గుమిగూడునది రంగుల చిత్రములున్న పుస్తకములయొద్ద, బంగారు అక్షరముల అట్టలున్న సీమపుస్తకములయొద్ద. తాళపత్రములున్న గాజుపెట్టెను సమీపించుసరికి మాత్రము నల్లబడిన నాలుగు కమ్మలను, వాని ప్రక్కనున్న చీటిని ఒకమారు చూచి, ‘అబ్బో, ఎంత పాతవో!’ అని ముందుకు సాగిపోవుదురు. ఇందు చూడవచ్చినవారి దోషము కొంచెమే. ఆ చీటిమీద గ్రంథనామము, కర్తృనామము, పత్రసంఖ్య ఉండును. తాటియాకు పుస్తకమెట్లయినదో, దానిని వ్రాసిన చేయి ఎంత శ్రమపడినదో తెలుపు మాట ఒక్కటియు ఉండదు. పోనీ పాతదనమే గొప్ప యనుకొందమా, తాళపత్రములలో మిక్కిలి పాతవి మనకు లేనేలేవు. మన యుష్ణదేశపు తేమకును పురుగుకును ఓర్చి మూడు నాలుగు వందలేండ్లు నిలిచిన కట్టను దీర్ఘాయువుగా ఎన్నవలెను. నన్నయ వ్రాయించిన భారతమునందలి ఆకు ఒక్కటియు నేడు లేదు. అయినను భారతము మనకున్నది. తొమ్మిది వందలేండ్లకు పైగా తరము వెంట తరము ఎవరో ఒకరు కూర్చుండి దానిని తిరిగి వ్రాయుచుండుటచేతనే ఉన్నది.

ఆకులలో రెండు జాతులు ముఖ్యములు. జీవితమున ఒక్కమారే పూచి, కాచి, అంతటితో ఎండిపోవు శ్రీతాళము యొక్క ఆకు వెడల్పు, పలుచన, మెత్తన. మన పొలముగట్టులమీది తాటియాకు ఇరుకు, మందము, పెళుసు. శ్రీతాళము మన సీమలో అంత సులభముగా దొరకదు గనుక తెలుగువ్రాతలో ఎక్కువపాలు తాటియాకుమీదనే సాగినది. ముదరని, లేతకాని ఆకులను ఏరి కోసి, నడిమి ఈనె తీసివేసి, నీటిలో ఉడికించియో బురదలో కొంతకాలము పాతిపెట్టియో వానిలోని సారమును పోగొట్టి, నీడపట్టున ఆరవేసి, నున్నని రాతితోనో గవ్వతోనో రుద్ది, సమానముగా అంచులు కోసి, త్రాడు దూర్చుటకు కంతలు పొడిచినపిమ్మట గాని ఆకు వ్రాతకు రాదు. ఉడుకబెట్టు నీటిలో పసుపు కలుపుట పలుచోట్ల వాడుక. అది పురుగును దూరముగా ఉంచును. ఈ పని సరిగా చేసిన కట్టకును, తొందరపడి చేసిన కట్టకును గల భేదము నూరేండ్లపిమ్మట గ్రంథాలయపు బీరువాలో బయటపడును: ఒకటి వంచినచో వంగును, రెండవది ముట్టినచో విరుగును.

ఇక వ్రాత. ఇచట కలమునకు పనిలేదు. ఉక్కుమొన గల గంటమే సాధనము. వ్రాయసకాడు బల్లయు పీఠమును కోరడు. నేలమీద కూర్చుండి, ఎడమచేత ఆకు పట్టి, కుడిచేత గంటమును నిటారుగా నిలిపి, ఎడమ బొటనవ్రేలి గోటికి చేసికొన్న చిన్న గాడిలో దాని మొనను ఆనించి, అక్షరము వెంట అక్షరము చెక్కుకొనిపోవును. గంటము ఉన్నచోటనే తిరుగుచుండగా ఆకు ఎడమవైపునకు జరుగుచుండును. ఆకు పీచు నిలువున సాగును గనుక ఆ వాలున గట్టిగా గీసిన గీత ఆకును చీల్చును. మన లిపి ఇంత గుండ్రన యగుటకు ఇదియే కారణమని పలువురందురు. ఒక్క కారణముచేతనే లిపి మారునని నేను నమ్మను గాని, గంటమునకు గుండ్రన ఇష్టమనుటలో సందేహము లేదు. వ్రాసిన వెంటనే ఆకుమీద ఏమియు కనబడదు. చూచువానికది గీతలు పడిన ఖాళీ కమ్మయే. దీపపు మసిని ఆకుపసరుతో నూరి, గుడ్డపీలికతో ఆకంతట పులిమి, మరల తుడిచివేసినప్పుడు పైమసి పోయి గాళ్లలో నిలిచిన మసి మాత్రము మిగిలి, పంక్తులన్నియు ఒక్కసారిగా నల్లగా తేలును. ప్రదర్శనశాలవారు ఈ పనిని ఒక విద్యార్థిచేత ప్రజలయెదుట చేయించినచో, ఎంత పెద్ద చీటియు చెప్పలేనిది అరనిమిషములో తెలియును.

ఆకును చదువుట వ్రాయుటకంటె సుళువు కాదు. పదములకు నడుమ ఎడము లేదు. పద్యపాదములు విడివిడిగా ఉండవు. హ్రస్వదీర్ఘభేదము పలుచోట్ల స్ఫుటముగా కనబడదు. ‘ప’కారమా ‘వ’కారమా యని తటపటాయింపక తప్పదు. వ్రాయసకానికి జీతము గ్రంథసంఖ్యనుబట్టి, అనగా ముప్పదిరెండక్షరముల లెక్కను కట్టుట వాడుక గనుక, చేయి తొందరపడుట సహజము. ఒకే పదము రెండు పంక్తులలో వచ్చినచో కన్ను మొదటిదానినుండి రెండవదానికి దుమికి, నడుమనున్నదెల్ల జారిపోవుటయు కలదు. చివర తన నడుమునొప్పిని, వంగిన మెడను చెప్పుకొని, తప్పులు క్షమింపుడని వేడుకొను వ్రాయసకాండ్రు దేశమంతట ఉన్నారు. వ్రాసిన తేదీ చెప్పుటలో వారి సంక్షేపము మాత్రము పరిశోధకునికి శిక్ష: రుధిరోద్గారియనియో ప్రభవయనియో సంవత్సరనామమును మాత్రము వేసి, శకవర్షము వదలివేయుదురు, అరువదియేండ్ల కొకమారు తిరిగివచ్చు ఆ పేరు ఏ ఆవృత్తిలోనిదో తేల్చుట మనపాలబడును.

అట్టి తప్పులకు మందు మన ఛందస్సులోనే కలదు. వృత్తపద్యమున నాలుగు పాదములందును రెండవ యక్షరము ప్రాసచేత కట్టుబడియుండును. పాదమధ్యమున యతిస్థానము మొదటి యక్షరముతో మైత్రి కోరును. గణములు గురులఘువుల క్రమము చొప్పున లెక్కకు రావలెను. మూడవ పాదమున ప్రాస చెడినచో అచట వ్రాయసకాని చేయి తప్పినదని పరిష్కర్తకు వెంటనే తెలియును. గణము ఒక లఘువు తక్కువైనచో ఎచట అక్షరము జారినదో వెదకుకొనును. గద్యమునకు ఈ కాపు లేదు. మన వచనగ్రంథముల పాఠములు పద్యకావ్యముల పాఠములకంటె ఎక్కువ చెడియుండుటకు ఇది ఒక హేతువని నా యభిప్రాయము.

కడపలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ చేసిన పని ఈ విద్య నెరిగి చేసినదే. 1820లో ఆ జిల్లాకు ఉద్యోగియై వచ్చిన ఆయన, తన బంగళాలో పండితులను, వ్రాయసకాండ్రను జీతములిచ్చి నిలిపి, ఒక్కొక్క కావ్యమునకు దొరికినన్ని ప్రతులు తెప్పించి, వానిని ఒకదానితో ఒకటి సరిపోల్చి, శుద్ధప్రతిని కాగితముమీద వ్రాయించెను. 1829లో వేమన పద్యములు అచ్చుపడినది ఈ కృషి ఫలముగనే. నేడు ఆయన పేర కడపలో ఉన్న గ్రంథాలయము యోగి వేమన విశ్వవిద్యాలయమున చేరియుండుట ముచ్చటైన సంగతి. ఆంధ్ర మహాభారతమునకు ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు వెలువరించిన సంశోధితముద్రణమును ఈ ప్రతిపరిశీలన పద్ధతికే ఋణపడినది. మానవల్లి రామకృష్ణకవి తంజావూరి సరస్వతీమహలునందు నన్నెచోడుని కుమారసంభవమును కనుగొని 1909లో దాని తొలిభాగమును ప్రకటించువరకు మన సాహిత్యచరిత్రలో ఆ కవికి చోటే లేదు. సరిగా ఆ సంవత్సరముననే శామశాస్త్రి మైసూరునుండి కౌటిల్యుని అర్థశాస్త్రమును అచ్చువేయించెను. దాని మాతృక 1905లో తంజావూరు సీమ పండితుడొకడు మైసూరు ప్రాచ్యగ్రంథాలయమునకు తెచ్చియిచ్చిన గ్రంథలిపి తాళపత్రముల కట్ట. ఆ గ్రంథాలయము తరువాత మైసూరు విశ్వవిద్యాలయమున కలిసినది. చంద్రగుప్తుని మంత్రి పేర ప్రసిద్ధమైన శాస్త్రము ఒక కట్టలో చుట్టబడి, అడుగువారు లేక పడియుండెనని తలచినప్పుడు ఇంకెన్ని కట్టలు ఎచట పడియున్నవో యనిపించును.

ఆకు చెడునది గనుక ఇంత పాటుపడవలసివచ్చె, రాగిరేకైనచో ఈ బాధయే లేదు గదా యని కొందరందురు. తిరుమల సంకీర్తన భాండాగారములోని తాళ్లపాక రేకులు ఈ మాటకు ప్రత్యుత్తరము. అన్నమాచార్యుల పాటలు రాగనామములతోకూడ వానిపై చెక్కబడి చెక్కుచెదరక నిలిచినవి. పాడువారు మాత్రము లేకపోయిరి. ఇరువదవ శతాబ్దిలో వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలగువారు వానిని పరిష్కరించి లోకమున కందించునాటికి సాహిత్యము దక్కినది గాని, చాల పాటలకు తొలి వరుసలు దక్కలేదు, క్రొత్తగా కట్టుకొనవలసివచ్చినది. లోహము అక్షరమును మాత్రమే కాపాడినది. వేటూరివారు పనిచేసిన ప్రాచ్యపరిశోధనాలయము 1939లో దేవస్థానమువారిచే నెలకొల్పబడి, 1956లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమునకు అప్పగింపబడినది.

కావున గ్రంథాలయాధికారులకు నా మనవి యొకటి కలదు. గాజుపెట్టెలో మూసిన కట్టను పెట్టకుడు; ఒక ఆకును తెరచి, దానిక్రింద ఆ పంక్తులనే నేటి అచ్చులో పెట్టి, వ్రాయసకాడు తప్పినచోట గుర్తు వేసి చూపుడు. అటకమీద తాతలనాటి కట్ట ఉన్న పాఠకులకు ఇంకొకటి: దానిని పుష్కరములలో నదికి సమర్పింపకుడు, బిగిసిన త్రాటిని లాగకుడు, తోచిన నూనె పూయకుడు, ఎండలో పెట్టకుడు. వసకొమ్ము, వేపాకు ప్రక్కన నుంచి, పొడిబట్టలో చుట్టి, సమీప విశ్వవిద్యాలయపు లిఖితగ్రంథశాఖకు కొనిపొండు. అది కరణముల కవిలెకట్టయే కావచ్చును, జాతకములే కావచ్చును; ఆ నిర్ణయమును చదువనేర్చినవారికి వదలుడు.