పత్రపూజయందలి పత్రములు

వినాయక చవితినాడు మన యిండ్లలో చదువబడు ఏకవింశతి పత్రపూజను భక్తితో వినువారు పెక్కుమంది. దానిని ఒక రచనగా పరిశీలించువారు అరుదు. నేను పండితుడను కాను. మెట్రిక్యులేషన్ చదివి, ముప్పదియైదేండ్లు గుమాస్తాగా పట్టీలు వ్రాసి విశ్రాంతి పొందినవాడను. ఇదియు నొక పట్టీయే కనుక దీని గుణదోషములను గూర్చి నాలుగు మాటలు చెప్ప సాహసించుచున్నాను.

మొదటి గుణము సమదృష్టి. పూవునకును పండునకును గల గౌరవము ఆకునకు సామాన్యముగా లభింపదు. ఇచట ఇరువదియొక్క ఆకులకు పేరుపేరున పూజ. మామిడి, రావి, మద్ది వంటి మహావృక్షముల సరసనే దారిప్రక్క మొలచు జిల్లేడు, ఉమ్మెత్త, ఉత్తరేణి కూర్చున్నవి.

రెండవ గుణము వైవిధ్యము. రావియాకు హృదయాకారము, కొన తోకవలె సాగియుండును. కాడ పొడుగగుటచే చిరుగాలికే వణకును. దానిని నీట నానవేసిన కండ కరగిపోయి ఈనెల వల మాత్రమే మిగులును. గరికలో ఆ వల లేదు. ఈనెలు చాళ్లవలె ప్రక్కప్రక్కగా సాగును. గన్నేరాకు బిరుసు, మూడేసి యాకులు ఒకే కణుపువద్ద పుట్టును. జిల్లేడాకు మందము, దానిపై తెల్లని నూగు బొటనవ్రేలితో రుద్దిన రాలిపోవును. రేగాకు పైన నిగనిగ, క్రింద తెలుపు. మొదలునుండియే మూడు ఈనెలు బయలుదేరును.

మారేడు మరింత విచిత్రము. మనము మూడాకులనుకొనునది నిజమునకు ఒకే ఆకు. మొగ్గ పుట్టునది ఉమ్మడి కాడ మొదటనే గాని, ఒక్కొక్క రెక్క మొదట కాదు. నడిమి రెక్కకు కాడ పొడుగు. వెలుతురున కెదురుగా పట్టిన సన్నని చుక్కలు కనబడును. అవి తైలపు తిత్తులు. జమ్మిలోనైతే ఒక్క యాకే పదులకొలది చిన్నరెక్కలుగా చీలియుండును. వావిలియాకు మూడు లేక అయిదు వ్రేళ్లు చాచిన అరచేయి.

ఇక దోషము. ఈ పట్టీ పేరు చెప్పునే గాని రూపము చెప్పదు. ఆ పేరును సంస్కృతమున చెప్పును. దేవదారు హిమాలయ ప్రాంతపు చెట్టు, దాని యాకు సూదివంటిది. మన పళ్లెములో ఆ పేరిట మరియొక ఆకు పడును. గండకీ పత్రమేదో పెద్దలలోనే ఏకాభిప్రాయము లేదు.

అయినను దోషమంతయు రచనదే యనరాదు. మా బరంపురమున గడచిన చవితికి నేనే పూజ చదువుచుంటిని. అర్జునపత్రమనగానే మనుమరాలు, "తాతయ్యా, వీటిలో అది యేది?" అని యడిగెను. నలువదియేండ్లుగా చదువుచున్న నేను సమాధానము చెప్పలేకపోతిని. చేతికి దొరికిన యాకును వేయుట నాకు అలవాటైనది. ఆ పిల్లయే మారేడును చూపి "బేలపత్ర" అన్నది. ఆమెకు ఆకు తెలియును, ఒడియా పేరు తెలియును. తెలుగు పేరు తెలియదు. నాకు పేరు తెలియును, ఆకు తెలియదు. ఇరువురిలో ఎవరి లోపము పెద్దది?

1936లో గంజాము ఒరిస్సాలో చేరినది మొదలు మనము భాషను కాపాడుకొనుటను గూర్చి సభలలో మాటాడుచునే యున్నాము. కాని వస్తువు చేత లేని మాట ఎంతకాలము నిలుచును? మరునాడే ఒక వృద్ధుని వెంట పోయి మద్దిచెట్టును చూచితిని. ఆకు మొదట, కాడ చేరుచోట, రెండు చిన్న బొడిపెలున్నవి. మనుమరాలిచేత వాటిని తడవి చూపించితిని. ఇప్పుడామె మద్దిని మరువదు.

కనుక నా మనవి యిది. పత్రి కట్టను కొని గుప్పెడుగా వేయక, ముందునాడే పిల్లలచేత ఆకులను వేరుచేయించి, తెలుగు పేరును స్థానిక భాషలోని పేరును చీటీలపై వ్రాయించుడు. ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు విషములు గనుక నోటబెట్టనీయక, చేతులు కడిగించుడు. దొరకని యాకునకు చీటీని ఖాళీగా నుంచుడు. తప్పు వ్రాసిన పద్దుకంటె ఖాళీ పద్దు మేలని నా ఉద్యోగము నాకు నేర్పినది.