పట్టు వదలని బ్రేకు

ఇంగ్లండ్‌లోని ఆబింగ్‌డన్‌లో 1962 నుంచి 1980 దాకా తయారైన ఎంజీబీ స్పోర్ట్స్ కారు మన పాత అంబాసిడర్‌కు దూరపు చుట్టమే. రెండూ బీఎంసీ కంపెనీ 'బి సిరీస్' ఇంజన్‌తో నడిచినవే. ఎంజీబీకి ముందు డిస్కు బ్రేకులు, వెనక డ్రమ్ములు. వయసు మీదపడ్డ ఈ కార్లలో తరచూ కనిపించే జబ్బు బ్రేకు పట్టేయడం. పెడల్ మీంచి కాలు తీసినా చక్రం వదలదు. కారు బరువుగా లాగుతుంది, కాలిన వాసన వస్తుంది. వేడికి బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరి పుట్టిందంటే పెడల్ నేలదాకా దిగిపోతుంది, కారు ఆగదు. కొత్త డాట్ 4 ఆయిల్ 230 డిగ్రీల దాకా తట్టుకోవాలి. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు.

చేయి తిరిగిన మెకానిక్ వెంటనే సామాను విప్పడు. ముందు కాసేపు కారు నడిపి, చదునైన రోడ్డు మీద బ్రేకు తొక్కకుండా దానంతట అదే ఆగనిస్తాడు. ఒక్కో చక్రం దగ్గర, తాకకుండా, అరచేయి పెట్టి చూస్తాడు. ఒక్క చక్రమే కాలుతుంటే తప్పు అక్కడే. వెనక రెండూ కాలితే హ్యాండ్‌బ్రేక్ కేబుల్ మీదో, ఆ రెంటికీ ఉమ్మడిగా ఉన్న రబ్బరు హోస్ మీదో అనుమానం. నాలుగూ కాలితే మాస్టర్ సిలిండర్ వైపు చూడాలి.

తర్వాత బండిని జాకీతో ఎత్తి, స్టాండ్ల మీద నిలబెట్టి, బిగుసుకున్న చక్రం దగ్గర, ఆయిల్ బయటికి వదిలే బ్లీడింగ్ నిపుల్ కొంచెం వదులు చేస్తాడు. ఆయిల్ చిమ్మి చక్రం తిరిగితే లోపల ఒత్తిడి చిక్కుకుందన్నమాట. తిరగకపోతే పిస్టన్ తుప్పు పట్టిందో, బ్రేక్ షూలు మరీ బిగుతుగా ఉన్నాయో, కేబుల్ ఇరుక్కుందో చూడాలి.

ఒత్తిడే కారణమైతే, బ్రేకు మళ్లీ పట్టినప్పుడు మాస్టర్ సిలిండర్ దగ్గరి పైపు వదులు చేస్తాడు. అప్పుడు చక్రం వదిలితే దోషం మాస్టర్ సిలిండర్ వైపే. ఆ సిలిండర్‌లో ఓ సన్నని రంధ్రం ఉంటుంది. వేడికి వ్యాకోచించిన ఆయిల్ దాని గుండానే డబ్బాలోకి తిరిగి వెళ్లాలి. పిస్టన్ పూర్తిగా వెనక్కి రాకపోతే రంధ్రం మూసుకుపోతుంది. అప్పుడు వేడి ఒత్తిడిని పెంచుతుంది, ఒత్తిడి రాపిడిని, రాపిడి మళ్లీ వేడిని. పెడల్‌కు 3 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలనేది ఇందుకే.

మాస్టర్ సిలిండర్ దగ్గర పైపు వదులు చేసినా చక్రం కదలకపోతే దోషి హోస్. పైకి బాగానే కనిపిస్తుంది, లోపలి రబ్బరు ఉబ్బి ఉంటుంది. కాలి బలం ఆయిల్‌ను ముందుకు తోస్తుంది గానీ, వెనక్కి తెచ్చే బలం అక్కడ లేదు. డిస్కును పట్టే కాలిపర్‌లో స్ప్రింగు ఉండదు. మెలిపడ్డ సీలు సర్దుకున్నంత మేరే పిస్టన్ వెనక్కి జరుగుతుంది.

జాకీ, స్టాండ్లు కాక ఈ పరీక్షకు కావాల్సింది ఓ పానా, ఓ సీసా, ఓపిక. కాలిపర్ మార్చి హోస్ వదిలేస్తే డబ్బు పోతుంది, ప్రమాదం మాత్రం బండిలోనే మిగులుతుంది. ప్రాణం ఆధారపడిన చోట "మార్చేశాం" అంటే సరిపోదు. ఎందుకు పట్టిందో చెప్పగలిగినవాడే ఇక పట్టదని ధైర్యంగా చెప్పగలడు.