జిమీ హెండ్రిక్స్ వేదికావాద్యము

చేతబట్టిన కొయ్యతోను, దానిపై బిగించిన ఆరు తంత్రులతోను ముగిసిపోవు వాద్యము కాదు ఎలక్ట్రిక్ గిటారు. తంత్రుల స్పందనము పికప్పుల అయస్కాంతక్షేత్రమున విద్యుత్తుగా మారి, తీగ వెంట పెడల్లను దాటి, ఆంప్లిఫయరున బలము పుంజుకొని, స్పీకరును కదల్చి మరల నాదమగువరకు గల మార్గమంతయు ఏకవాద్యమే. ఈ సత్యమును జిమీ హెండ్రిక్స్ వలె గ్రహించి వేదికపై నిరూపించినవారు బహు అరుదు.

వేదికపై ఆయన వెనుక నిలిచిన మార్షల్ స్టాకులను ఆంప్లిఫయరు, స్పీకరు పెట్టెల దొంతరల పుట్టుక లండను నగరమున జరిగినది. హాన్వెల్‌లో వాద్యముల దుకాణము నడపిన జిమ్ మార్షల్ స్వయముగా డ్రమ్ముల వాదకుడు. ది హూ అను రాక్ బృందమునకు చెందిన పీట్ టౌన్‌షెండ్ మరింత బిగ్గరగా మ్రోగు యంత్రమును కోరగా నూరు వాట్ల ఆంప్లిఫయరు రూపొందెను. ఎనిమిది స్పీకర్లను ఒకే పెట్టెలో అమర్పగా అది మోయరాని బరువగుటచే, నాలుగేసి స్పీకర్ల పెట్టెలు రెంటిని ఒకదానిపై నొకటి నిలుపు పద్ధతి స్థిరపడెను. రాక్ వేదికకు చిహ్నమైన ఆ ఆకారము మోయువారి శ్రమ తగ్గించుటకై పుట్టినదనుట గమనింపదగిన విషయము.

1969 ఆగస్టు 18 ఉదయమున వుడ్‌స్టాక్ సంగీతోత్సవమున హెండ్రిక్స్ వాయించిన తెల్లని ఫెండర్ స్ట్రాటోకాస్టర్ కుడిచేతివారికై చేసినది. ఎడమచేతివాటము గల ఆయన దానిని తలక్రిందులు చేసి తంత్రులను తనకు అనువుగా కట్టుకొనుటచే, బ్రిడ్జి చెంత ఏటవాలుగా నున్న పికప్పు వాలు తారుమారై, మంద్రతంత్రులకు స్ఫుటత్వమును, తారతంత్రులకు కొంత గుండ్రదనమును సమకూర్చెను. పాదముల చెంత వా పెడలు, ఫజ్ ఫేస్, యూనివైబ్ ఉండెను. నోరు తెరచి మూయునపుడు అచ్చుల ధ్వని మారునట్లు, వా పెడలుపై పాదము ఆడుకొలది నాదవర్ణము మారును. యూనివైబ్ లోపల చిన్నదీపము వెలుగుచు మలుగుచు, చుట్టునున్న కాంతిగ్రాహకముల ద్వారా నాదమునకు సుడులు తిరుగు గమనము నొసగును. ఫజ్ ఫేస్ రెండు ట్రాన్సిస్టర్లతో నాదమును చీల్చి కరకుదనము కల్పించునది. కాని గిటారుపైని వాల్యూము మరను కొంచెము తగ్గించినచో ఆ కరకుదనమే కరగి నిర్మలమగును. హెండ్రిక్స్ కళారహస్యములలో దీనిని నేను అగ్రస్థానమున నిలుపుదును. ఆంప్లిఫయరును పూర్తిగా తెరచి యుంచి, గర్జనకును గుసగుసకును నడుమ దూరమును చిటికెనవ్రేలితో కొలిచిన సంయమము అది. ఆయన వాద్యమును కేవలము రొదయని త్రోసిపుచ్చినవారు ఆయన చేతిని చూడలేదు.

స్పీకరు నుండి వెలువడిన ధ్వని తంత్రులను మరల కదలింపగా పుట్టు ఫీడ్‌బ్యాక్ అను నిరంతరనాదమును సామాన్యులు దోషముగా భావింతురు. స్పీకరుకు తానెంత దూరమున, ఏ కోణమున నిలిచిన ఏ అనుస్వరము పైకి వచ్చునో శరీరముతో ఎరిగిన హెండ్రిక్స్, ఆ నాదమును గిటారు బ్రిడ్జికి అమర్చిన లోహదండముతో వంచి క్రిందికి జార్చెను. వియత్నాం యుద్ధము సాగుచున్న ఆ దినములలో, అమెరికా జాతీయగీతపు చరణముల నడుమ వుడ్‌స్టాక్ శ్రోతలు విన్న బాంబుల పాటు, క్షిపణుల కేక ఈ సామగ్రి నుండియే వెలువడెను.