మండువా మూలలో పనితనం

ద్రాక్షారామం చుట్టుపక్కల ఊళ్లలో పాత మండువా లోగిలి కనిపిస్తే, ఇంటి యజమాని కన్నా ముందు దాన్ని కట్టిన వడ్రంగికి దణ్ణం పెట్టాలి. నాలుగు వైపులా వసారాలు, నడుమ ఆకాశానికి వదిలేసిన మండువా. వేడిగాలి అందులోంచి పైకి పోతుంది, పెరటి గాలి గదుల్లోకి వస్తుంది. గోదావరి ఉక్కపోతకి పెద్దలు కనిపెట్టిన ఉపాయం ఇది.

అసలు పనితనం తెలిసేది మూలల్లో. లోపలికి వాలిన రెండు కప్పులు కలిసేచోట వాననీరంతా ఒక్కసారిగా ఉరుకుతుంది. అక్కడ ఏటవాలుగా దూలం వేసి, రెండు వైపుల వాసాల చివర్లూ కోణానికి సరిగ్గా చెక్కి దానికి ఆనించాలి. పైన రేకు పరిచి, అంచు పెంకుల్ని ఏటవాలుగా కోసి పేర్చాలి. పావంగుళం తేడా వచ్చినా వర్షాకాలమంతా వసారాలో గిన్నెలు పెట్టుకోవాల్సిందే. కింద గచ్చుకి తూము వైపు వాటం ఇవ్వడం తాపీమేస్త్రి వంతు.

కొత్త ఇళ్లలో మండువా మళ్లీ వస్తోంది. కోతులు దిగకుండా ఇనప గ్రిల్లు, దోమలకి మెష్, కొన్నిచోట్ల గాజు కప్పు. వియత్నాంలోనూ ఇదే వరస. అక్కడి హోయ్ ఆన్ పట్టణంలో పాత ఇళ్లకి నడిమి వాకిలి ఉంటుంది. 2014లో హోచిమిన్ నగరంలో వాస్తుశిల్పి వో ట్రోంగ్ న్యా బృందం ఐదు కాంక్రీటు గదుల మధ్య వాకిలి వదిలి, డాబాలమీద చెట్లు పెంచింది.

అయితే మండువాని గాజుతో పూర్తిగా మూసేస్తే ఎండాకాలం ఇల్లు కొలిమే. గాలి పోయే సందు వదలమని చెప్పే మేస్త్రి దొరికితే, బేరమాడకుండా అతను అడిగిన కూలి ఇవ్వండి.