పాట నుంచి పీఠానికి: నంద్యాల, ఆళ్లగడ్డ కూడళ్లలో ప్రజాస్మృతి

1847 ఫిబ్రవరి 22న ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కోయిలకుంట్లలో బహిరంగంగా ఉరితీసిన కంపెనీ ప్రభుత్వం, ఆయన తలను కోటపై ఏళ్ల తరబడి వేలాడదీసి ఉంచింది. జనం తిరిగే చోట ఒక ముఖాన్ని నిలిపి, దానిచేత తన మాట చెప్పించడం అధికారానికి బాగా తెలిసిన విద్య. ఆ మాటకు రేనాటిలో ఎదురుమాట చెప్పింది పాట. తల కనబడేది ఒక్క ఊళ్లోనే. పాట మాత్రం గాయకుల వెంట ఊరూరా తిరిగింది.

ఆ పరిసరాల్లోనే, కర్నూలు–కడప జాతీయ రహదారిపై ఉన్న నంద్యాల, ఆళ్లగడ్డ పట్టణాల కూడళ్లలో నేడు ముఖాలు మళ్లీ నిలిచాయి. రాతిలోనో, కంచులోనో, సిమెంటులోనో నిలిచిన ఈ ముఖాలను మన విమర్శ పట్టించుకోలేదు. పాటను సేకరించింది, వర్గీకరించింది, పాఠాంతరాలను పోల్చింది. విగ్రహాన్ని మాత్రం పురపాలక వ్యవహారంగా వదిలేసింది. పట్టణవాసి రోజూ చూసే కళారూపం విగ్రహమే అయినప్పుడు ఈ ఉపేక్ష సమర్థనీయం కాదు.

విగ్రహాన్ని పాఠ్యంగా చదవడానికి ఆళ్లగడ్డ అనువైన చోటు. ఇక్కడి రాతి చెక్కడానికి భౌగోళిక గుర్తింపు ఉంది. శిల్పశాలల్లో ప్రధానంగా తయారయ్యేవి దేవతామూర్తులు. నాయకుల ప్రతిమలకూ ఇదే ఉలి. రెంటికీ మూలం వేరు. దేవతామూర్తికి మూలం ధ్యానశ్లోకం. ఎన్ని చేతులు, ఏ చేతిలో ఏ ఆయుధం, ఏ ఆసనం అన్నది పద్యమే చెబుతుంది, తాలమానం కొలతలిస్తుంది. అంటే శిల్పి ముందు ఒక సాహిత్యపాఠం ఉంది. నాయకుని ప్రతిమకు మూలం ఛాయాచిత్రం. పోలిక కుదిరిందా లేదా అన్నదే అక్కడ పరీక్ష. భావానికి చోటు తక్కువ. నరసింహారెడ్డి వంటి వీరుని విషయంలో చిక్కు ఇంకొకటి. ఈ సీమకు కెమెరా రాకముందే ఆయన పోయాడు. శ్లోకమూ లేదు, ఛాయాచిత్రమూ లేదు; ఉన్నది పాట ఒక్కటే. పాటలో వీరుని పౌరుషం ఉంటుందే గాని ముక్కు కొలత ఉండదు. 2019లో వచ్చిన ‘సైరా నరసింహారెడ్డి’ చిత్రం ఈ ఖాళీని ఒక నటుని ముఖంతో పూరించింది. ఇక ముందు చెక్కబోయే శిల్పి ఆ ముఖాన్ని మరచి చెక్కగలడా అన్నది తేలిక ప్రశ్న కాదు.

పాట రాయిగా మారినప్పుడు జారిపోయేది వీరుని ముఖం ఒక్కటే కాదు. తంగిరాల వెంకటసుబ్బారావు ‘రేనాటి సూర్యచంద్రులు’లో నరసింహారెడ్డితో పాటు నిలిచిన రెండవ వ్యక్తి బుడ్డా వెంగళరెడ్డి. 1866 నాటి కరువులో అన్నదానం చేసిన ఉయ్యాలవాడ దాత. దాతను గురించిన పాటలో ఆకలిగొన్నవాడు తప్పక ఉంటాడు. అతడు లేకుంటే దానానికి అర్థమే లేదు. అదే దాతను నాలుగు రోడ్ల నడుమ పీఠంపై నిలిపితే చేయి మిగులుతుంది, ఆ చేతికింద చాచిన దోసిళ్లు మిగలవు. కరువు పాటలోనే ఉండిపోతుంది. దిగువ అహోబిలం మండపంలో నరసింహుని సరసన చెంచులక్ష్మిని నిలిపిన పాత శిల్పి ఇద్దరి మధ్య సంబంధాన్ని చెక్కాడు. కూడలి ప్రతిమ పీఠమెక్కిన వ్యక్తిని ఒంటరిని చేస్తుంది.

ఈ మాట అన్ని విగ్రహాలకూ ఒకేలా వర్తించదు. వాడలోని జనం చందాలు వేసుకొని నిలిపే అంబేద్కర్ ప్రతిమ చేతిలో పుస్తకం ఉంటుంది, వేలు ఎదుటివారికి ఏదో చూపుతూ ఉంటుంది. అది తరతరాలుగా ఊరి నడుమ చోటు దక్కనివారి హక్కు ప్రకటన. రహదారులు, కాలిబాటలు, ప్రజోపయోగ స్థలాల్లో విగ్రహాలకు అనుమతి ఇవ్వరాదని 2013 జనవరి 18న సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. రాకపోకల దృష్టితో అది సబబే. అయితే ఏ నిషేధమైనా అప్పటికే కూడలి దక్కినవారికంటే ఇంకా దక్కనివారికే ఎక్కువ బరువు.

ఎన్నికల నియమావళి అమలులోకి రాగానే నాయకుల ప్రతిమలకు గుడ్డ ముసుగులు పడతాయి. విగ్రహం మాట్లాడుతుందని విమర్శకులు గుర్తించకపోయినా ఎన్నికల అధికారులు గుర్తించారు. ముసుగు తీశాక పీఠంపై చదవడానికి మిగిలేది శిలాఫలకం: ఆవిష్కరించినవారి పేరు, దాతల పేర్లు, తేదీ. రాతిధూళిని పీల్చుతూ ఆ ముఖాన్ని చెక్కినవాని పేరు అక్కడ సాధారణంగా కనబడదు. పాట కట్టినవాని పేరూ మనకు తెలియదు గదా అనవచ్చు. కాని అతని పాటను తరువాతివాడు తనదిగా పాడుకున్నాడు, మార్చుకున్నాడు, అడుగు కలిపాడు. ఆళ్లగడ్డ శిల్పి చేసిన ముఖం మీద మళ్లీ ఎవరూ ఉలి పెట్టరు.